ఆఫీసు తాళం ఇంటి గుమ్మానికి పనికొస్తుందా?

మీ ఇంట్లో అందరూ బయటికి వెళ్ళేటప్పుడు తాళంచెవి ఎక్కడ పెడతారు? వద్దు, నాకు చెప్పకండి. నేనే చెబుతాను. గుమ్మం ముందు పట్టా కింద, కాకపోతే పూలకుండీలో, కాకపోతే కరెంటు మీటరు పెట్టె మీద, అదీ కాకపోతే పక్కింటి మామ్మగారి దగ్గర. నేను మంత్రగాణ్ణేమీ కాను. మా ఇంట్లోనూ అక్కడే పెట్టేవాళ్ళం. మరి నేను ఊహించగలిగింది దొంగ ఊహించలేడా?

ఈ మధ్య తాళంచెవి అక్కరలేని తాళాలు ఇళ్ళకు వస్తున్నాయి. తలుపు మీద పది అంకెల మీటలు వుంటాయి. మన సంకేత సంఖ్య నొక్కి పిడి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. ఒకప్పుడు ఇలాంటివి ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో, బ్యాంకుల్లో మాత్రమే కనిపించేవి. ఇప్పుడు ఇళ్ళకని తేలికగా చేసిన రకాలు బోలెడు వచ్చాయి. కొందరు మాత్రం వాటిని కాదని, ఆఫీసుల కోసం చేసిన గట్టి రకాన్నే తెచ్చి ఇంటికి బిగించుకుంటున్నారు. "ఇంటికి అంత తాళం ఎందుకండీ?" అని చూసినవాళ్ళు నవ్వుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి వెళ్ళి, పిల్లలు బడి నుంచి ముందుగా వచ్చే ఇంటికి ఇలాంటి తాళం మంచిదే. అయితే "ఎలక్ట్రానిక్" అనే మాట చూసి కాదు, లోపలి ఇనుమును చూసి కొనాలి. ఇంకొక మాట. ఆఫీసుకు నప్పే గుణాలన్నీ ఇంటికి నప్పవు. ఎందుకు ఇలా అంటున్నానో చదివి, మీకు సబబనిపిస్తేనే ఒప్పుకోండి.

తాళంచెవి అంటే ఒక సంఖ్య

మేకుల తాళం చాలా పాతది. సుమారు 4000 ఏళ్ళ క్రితమే ఈజిప్టువాళ్ళు కొయ్యతో అలాంటివి చేశారు. గడియలో కొన్ని మేకులు దిగి వుంటాయి. చెవి పెట్టి ఎత్తితే మేకులు పైకి లేచి గడియ కదులుతుంది. ఈ ఉపాయాన్నే అమెరికాకు చెందిన లైనస్ యేల్ 1860ల్లో చిన్న ఇత్తడి గొట్టంలో ఇమిడ్చాడు. ఇవాళ మీ ఇంటి తలుపుకున్న గుండ్రటి తాళంలో వున్నదీ ఇదే.

ఇంట్లో వున్న తాళంచెవి ఒకటి తీసి దాని పళ్ళు చూడండి. ఒక లోయ లోతుగా, ఒకటి పైపైన, మరొకటి మధ్యస్థంగా వుంటాయి. ఒక్కొక్క లోయ ఒక్కొక్క మేకును సరిగ్గా ఎంత ఎత్తాలో అంతే ఎత్తుతుంది. లోతులకు 1, 2, 3 అని పేర్లు పెట్టామనుకోండి. అప్పుడు మీ తాళంచెవి 3-1-5-2-4 లాంటి ఒక సంఖ్య అవుతుంది! ఇనుప ముక్క మీద చెక్కిన సంఖ్య. 5 మేకులు, ఒక్కొక్కదానికి 6 లోతులు అనుకుంటే 6×6×6×6×6, అంటే 7,776 రకాల చెవులు చెయ్యవచ్చు.

నాలుగు అంకెల సంకేతం 0000 నుంచి 9999 దాకా 10,000 రకాలుగా వుంటుంది. చూశారా, రెండూ ఇంచుమించు ఒకటే. చెవి లేని తాళం అంటే ఏదో మాయ అనుకోకండి. ఇనుమును తీసేసి సంఖ్యను మాత్రం వుంచుకున్నాం, అంతే.

అయినా ఒక పెద్ద తేడా వుంది. బజారులో చెవులు చేసేవాడు ఐదు నిమిషాల్లో మరో చెవి కోసి ఇస్తాడు. మీ ఇంటి చెవులు లోకంలో ఎన్ని వున్నాయో మీ నాన్నగారు కూడా ఖచ్చితంగా చెప్పలేరు. అదే సంఖ్య అయితే అక్కడికక్కడే చెరిపేసి కొత్తది పెట్టుకోవచ్చు. పనిమనిషికి ఒక సంఖ్య, ఊరినుంచి వచ్చిన బాబాయికి ఒక సంఖ్య ఇవ్వవచ్చు. బాబాయి వెళ్ళగానే ఆయన సంఖ్య తీసేస్తే సరి, బాబాయికి కోపమూ రాదు. ఈ తాళాల అసలు లాభం నా దృష్టిలో ఇదే. మరీ గట్టిగా మూసుకోవడం కంటే, ఇచ్చినదాన్ని తేలికగా వెనక్కు తీసుకోగలగడం గొప్ప.

పది లక్షల సార్లు

మరి ఆఫీసు రకమే ఎందుకు? అమెరికాలో తాళాల మన్నికను కొలిచే ఒక ప్రమాణం వుంది. అందులో మూడు తరగతులు. బడికి భిన్నంగా ఇక్కడ 1వ తరగతి అన్నిటికంటే పైది. తాళాన్ని యంత్రానికి బిగించి, పిడిని తిప్పుతూ వదులుతూ పరీక్షిస్తారు. పిడి తాళాలకు 3వ తరగతి కావాలంటే 2 లక్షల సార్లు, 2వ తరగతికి 4 లక్షల సార్లు తిప్పినా పాడవకూడదు. 1వ తరగతికి పూర్వం 8 లక్షల సార్లు వుండేది, తరువాత 10 లక్షలకు పెంచారు.

ఇప్పుడు లెక్క వెయ్యండి. మీ ఇంటి తలుపు రోజుకు 40 సార్లు తెరుస్తారనుకుంటే ఏడాదికి 14,600 సార్లు. 2 లక్షల సార్లకు దాదాపు 13 ఏళ్ళ 8 నెలలు పడుతుంది. రోజుకు 500 సార్లు తెరిచే ఆఫీసు తలుపుకయితే ఆ తాళం 400 రోజుల్లోనే తన ఆయువు ముగించుకుంటుంది. అంటే పది లక్షల తాళం ఆఫీసుకు అవసరం. మన ఇంటికి అది 68 ఏళ్ళు వస్తుంది!

"అయితే ఇంటికి అనవసరమే కదా?" అంటారు. లెక్క ప్రకారం నిజమే. కాని తిప్పడం ఒక్కటే పరీక్ష కాదు. మూసివున్న పిడిని బలవంతంగా మెలితిప్పితే ఎంతకు ఓర్చుకుంటుందో కూడా చూస్తారు. పై తరగతికి పోయినకొద్దీ ఎక్కువ బలానికి నిలవాలి. అందుకే లోపలి లోహం దళసరిగా వుంటుంది. ఇంటికి 2వ తరగతి తాళం కూడా చక్కగా సరిపోతుందని నా ఉద్దేశం. ధగధగలాడే పలక, పాట పాడే మీటలు వుండి లోపల మాత్రం మెత్తటి రేకు వుంటే ఏం లాభం?

ఆఫీసు తాళంలో మరొక తెలివి వుంది. మీ సైకిలు గొలుసు ఊడిపోయినప్పుడు ఏమవుతుంది? పెడలు తొక్కితే గిర్రున తిరుగుతుంది, చక్రం మాత్రం కదలదు. ఈ రకం తాళాల్లో చాలావాటికి పిడి అలాగే వుంటుంది. సంఖ్య నొక్కకముందు పిడి వూరికే కిందికి వాలుతుంది, నాలుకను కదిలించదు. దాని మీద ఎంత బలం ప్రయోగించినా ఆ బలం లోపలికి పోదు. సరైన సంఖ్య నొక్కగానే వేలెడంత మోటారు లోపలి "గొలుసు"ను తగిలిస్తుంది. ఆ తరువాత నాలుకను లాగేది మీ చెయ్యే. అంత చిన్న పని కనుకనే నాలుగు పెన్సిలు బ్యాటరీలు నెలల తరబడి వస్తాయి. గడియను మోటారే జరిపే తాళాల్లో తలుపు కాస్త బిగిస్తే చాలు, మోటారు ఆయాసపడుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. వానాకాలంలో మన కొయ్య తలుపులు ఎలా ఉబ్బుతాయో మీకు తెలుసు కదా!

అరిగిన మీటలు చెప్పే కథ

సంఖ్య వుంది కనుక భయం లేదనుకోవద్దు. ఒకే సంఖ్యను ఏళ్ళ తరబడి నొక్కితే ఆ మీటలు మాత్రమే అరిగి నిగనిగలాడతాయి. నాలుగు మీటలు అరిగి కనిపిస్తే ఆ నాలుగు అంకెలను ఎన్ని వరసల్లో పేర్చవచ్చు? 4×3×2×1, అంటే 24. పదివేలు కాస్తా ఇరవైనాలుగు అయిపోయింది!

ఇక్కడొక తమాషా. మూడు మీటలే అరిగి వుంటే? అంకెలు తగ్గాయి కనుక ఇంకా సులువు అనుకుంటారు. కాని మూడింటిలో ఏదో ఒక అంకె రెండుసార్లు వచ్చి వుండాలి. అది ఏదో తెలియదు. కాగితం మీద రాసి చూడండి, 36 వరసలు వస్తాయి. ఒక అంకె మళ్ళీ వచ్చినందువల్ల పని కష్టమయింది. అయినా ఇరవైనాలుగు, ముప్పైఆరు రెండూ చిన్న సంఖ్యలే. కాబట్టి ఆరునెలలకొకసారి సంఖ్య మార్చడం మంచిది.

చాలామంది పుట్టినరోజును సంకేతంగా పెట్టుకుంటారు. తేదీ, నెల కలిపితే నాలుగు అంకెలు వస్తాయి కదా అని. ఏడాదిలో రోజులెన్ని? ఫిబ్రవరి 29తో కలిపి 366. పదివేల గదుల కోటలో మనమే దొంగకు 366 గదులు చూపించినట్టు. ఇక 1234 పెట్టుకునేవాళ్ళు తలుపు తెరిచి వుంచడమే నయం, కనీసం గాలి అయినా వస్తుంది.

అన్నీ వరసగా నొక్కి చూస్తే? ఒక్కో ప్రయత్నానికి 5 సెకన్లు పడితే పదివేలకు 50,000 సెకన్లు, అంటే 14 గంటలు. ఊళ్ళో లేని ఇంటికి ఇది చాలదు. అందుకే చాలా తాళాలు కొన్ని తప్పుల తరువాత కాసేపు మూగబోతాయి. 5 తప్పులకు 5 నిమిషాల మౌనం అనుకోండి. పదివేలలో అయిదుల జట్లు 2,000. ఒక్క మౌనాలకే 10,000 నిమిషాలు, అంటే దాదాపు ఏడు రోజులు అదనంగా పడుతుంది. చిన్న నియమం ఎంత పని చేసిందో చూడండి.

విప్పలేని తాళం వుందా?

1790లో లండనులో జోసెఫ్ బ్రామా అనే ఇంజనీరు తన తాళాన్ని దుకాణం కిటికీలో పెట్టి, దీన్ని విప్పినవారికి 200 గినీలు ఇస్తానని ప్రకటించాడు. అరవై ఏళ్ళు ఎవరివల్లా కాలేదు. 1851లో అక్కడ జరిగిన మహా ప్రదర్శనకు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికను వచ్చాడు. పదహారు రోజుల్లో, మొత్తం 51 గంటలు కూర్చుని విప్పేశాడు. అప్పటికి బ్రామా చనిపోయి చాలాకాలమయింది.

ఎలక్ట్రానిక్ తాళాల కథా ఇంతే. 2012లో అమెరికాలో ఒక యువ ప్రోగ్రామరు, హోటలు గదులకు విరివిగా వాడే ఒక రకం తాళాన్ని చవక సామాను తో తెరవవచ్చని అందరి ముందూ చూపించాడు. 2024లో మరొక పరిశోధక బృందం ఇంకొక రకం హోటలు కార్డు తాళాల్లో లోపం వుందని ప్రకటించింది. అవి 131 దేశాల్లో 30 లక్షలకు పైగా తలుపులకు వున్నాయి. వాళ్ళు ఆ సంగతి తయారీదారులకు 2022 సెప్టెంబరులోనే చెప్పారు. 2024 మార్చి నాటికి బాగుచేసినవి నూటికి 36 మాత్రమే. ఎందుకంటే ఒక్కొక్క తలుపు దగ్గరికీ మనిషి వెళ్ళాలి.

దీన్నిబట్టి "ఎలక్ట్రానిక్ తాళాలు దండగ" అని నేను అనను. ఇనుప తాళాలూ ఓడాయి కదా. నేను నేర్చుకున్న పాఠం వేరు. తాళంలో ఎంత ఎక్కువ తెలివి పెడితే దాన్ని అంత తరచుగా చూసుకోవాలి. పెద్ద హోటలుకు అందుకు మనుషులున్నారు. మన ఇంటి తాళాన్ని పదేళ్ళ తరువాత ఎవరు చూసుకుంటారు? అందుకే ఇంటర్నెట్టుతోనూ ఫోనుతోనూ సంబంధం లేకుండా, తన సంఖ్యలను తనలోనే దాచుకుని, తలుపు దగ్గర నిలబడితేనే పలికే తాళం ఇంటికి మేలని నేనంటాను. సముద్రం అవతల కూర్చుని మన గడియ తియ్యగల అవకాశాన్ని మనమే కల్పించడం ఎందుకు?

ఆఫీసుకు నప్పినా ఇంటికి నప్పనివి

మా చెల్లెలివాళ్ళు విజయవాడలో మూడో అంతస్తులో వుంటారు. అంకెలతోపాటు వేలిముద్రను కూడా గుర్తించే ఆఫీసు తాళం పెట్టించుకున్నారు. ఒకరోజు సాయంత్రం పక్కింటి ఫోను నుంచి మేనల్లుడు మాట్లాడాడు. వాడిది ఏడో తరగతి. "మామయ్యా, తాళం పలకడం లేదు. నేనూ నాయనమ్మా గంట నుంచి మెట్ల మీద కూర్చున్నాం" అన్నాడు.

విచారిస్తే తేలినవి ఇవి. బ్యాటరీ అయిపోవచ్చిందని రెండు వారాలుగా ఎర్రదీపం మిణుకుతూనే వుంది. అందరూ చూశారు, ఎవరూ పట్టించుకోలేదు. అత్యవసరానికి ఇనుప చెవి వుంది. అది ఇంట్లో బీరువాలో భద్రంగా వుంది! ఇక నాయనమ్మగారి వేలిని ఆ తాళం ఏనాడూ సరిగా గుర్తించలేదు. ముసలివాళ్ళకు, చేతిపని ఎక్కువగా చేసేవాళ్ళకు వేలిగీతలు అరిగిపోతాయి. రేషను దుకాణంలో యంత్రం ముందు అవ్వలు మళ్ళీ మళ్ళీ వేలు తుడుచుకోవడం మీరు చూసేవుంటారు.

"తాళం అడుగున రెండు లోహపు చుక్కలు వున్నాయేమో చూడరా" అన్నాను. వున్నాయి. కింద దుకాణంలో 9 వోల్టుల బ్యాటరీ కొని ఆ చుక్కలకు ఆనించి, సంఖ్య నొక్కమన్నాను. తలుపు తెరుచుకుంది. ఇప్పుడు ఆ ఇనుప చెవి వాళ్ళ బాబాయిగారింట్లో వుంది. నాయనమ్మకు వేలు బదులు సంఖ్య ఇచ్చారు. పండుగలప్పుడు నాలుగూ కొత్త బ్యాటరీలు వేస్తున్నారు.

ఇంకొకటి. చాలా ఆఫీసు తాళాలు తలుపు పడగానే వాటంతటవే మూసుకుంటాయి. ఆఫీసులో అది మంచి గుణం. ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి, గుమ్మం బయట పేపరు తీసుకునేలోగా గాలికి తలుపు పడితే? సంఖ్య తెలిసినవాళ్ళకు ఫరవాలేదు. ఇంటికి వచ్చిన చుట్టం ఏం చేస్తాడు? పగటివేళ ఈ గుణాన్ని ఆపివుంచే వీలున్న తాళమే కొనాలి.

మన పాత ఇళ్ళ సింహద్వారాలకు రెండు రెక్కలుంటాయి. ఈ తాళాలు ఒంటిరెక్క తలుపు కోసం చేసినవి. రెండో రెక్క పైనా కిందా గడియలతో కదలకుండా నిలవకపోతే ఎంత ఖరీదైన తాళమైనా వృథా. పిడి తాళం నాలుక సాధారణంగా అర అంగుళమే బయటికి వస్తుంది. అంగుళం పొడవు గడియ మరొకటి రాత్రికి వుండాలి. నాలుక దూరే ద్వారబంధం చెదలు తిని వుంటే, తాళం ధర అంతా చెదలకు నైవేద్యమే. గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెం బలమే కదా.

అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. కరెంటు వున్నా లేకున్నా, బ్యాటరీ వున్నా లేకున్నా లోపలివైపు పిడి తిప్పితే తలుపు తెరుచుకోవాలి. 2016 నాటి మన జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా, భవనం నుంచి తప్పించుకునే ద్వారాలు లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని చెబుతుంది. లోపలినుంచి తాళం వేసి చెవి ఎక్కడో పెట్టే అలవాటు చాలా ఇళ్ళలో వుంది. పొగ కమ్మినప్పుడు చెవి వెతకడం ఎవరి తరం? దొంగ తీసుకుపోయేది సొమ్మే. మంట తీసుకుపోయేది ప్రాణం. ఈ విషయంలో ఆఫీసు తాళం మన పాత అలవాటు కంటే నూరుపాళ్ళు మేలు.

తాళం రాసుకునే డైరీ

చాలా ఆఫీసు తాళాలు ఎవరి సంఖ్యతో ఎప్పుడు తలుపు తెరిచారో రాసుకుంటాయి. ఆఫీసులో అది అవసరం. ఇంట్లో? "నాలుగున్నరకు బడి వదిలితే ఐదూ పదికి ఎందుకొచ్చావు?" అని మీ అమ్మగారు రోజూ ఆ జాబితా తీసి అడిగితే మీకెలా వుంటుంది?

పెద్దవాళ్ళ ఆందోళన నాకు అర్థమవుతుంది. పిల్లవాడు క్షేమంగా చేరాడా లేదా అని పనిచేసే చోట గడియారం చూసుకునే తల్లి బాధ చిన్నది కాదు. కాని తెలియకుండా చూడడం వేరు, తెలిసి చూడడం వేరు. తాళం రాసుకుంటుందని ఇంట్లో అందరికీ చెప్పాలి. ఏదైనా పోయినప్పుడో, ఎవరైనా రానప్పుడో తప్ప దాన్ని తియ్యకూడదు. ఇది నా అభిప్రాయం. మీ ఇంట్లో చర్చించండి, పెద్దలకు ఈ పేజీ చూపించండి.

మీకూ ఒక బాధ్యత వుంది. ఇనుప చెవి పోతే పోయిందని తెలుస్తుంది. సంఖ్య పోతే తెలియదు. స్నేహితుడి చెవిలో ఒక్కసారి చెబితే అది రెండుగా అవుతుంది, రేపు నాలుగవుతుంది. నొక్కేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టుకోవడం అవమానం కాదు. మీకు సంఖ్య ఇచ్చారంటే మీ ఇంటివాళ్ళు మిమ్మల్ని పెద్దవాళ్ళుగా లెక్కపెట్టారన్నమాట.

ఈ తాళాలు ఖరీదైనవి. ఎప్పుడూ ఎవరో ఒకరు వుండే ఇంటికి మంచి మామూలు తాళం చాలు. అప్పుచేసి కొనవలసిన వస్తువు ఇది కానేకాదు. కాని కొనదలిస్తే ముందు ఒక ఆదివారం మూడు పనులు చెయ్యండి. మీ తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారో గీతలు గీసి లెక్కపెట్టండి. ద్వారబంధాన్ని వేలితో తట్టి, డొల్లగా మోగుతుందేమో వినండి. రాత్రి దీపాలు ఆర్పి, మంచం నుంచి లేచి గుమ్మం దాటడానికి మీకు ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. మూడో లెక్క బాగా లేకపోతే, కొత్త తాళం సంగతి తరువాత. ఇవాళే ఆ తాళంచెవిని లోపలి తలుపు పక్కన, అందరికీ అందే మేకుకు తగిలించండి.